సాపు చేసిన గీత

జూన్ 9, సోమవారం

కంపెనీలో మొన్న ఒత్తిడి తగ్గించుకోవడం గురించి క్లాసు పెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన మేడం తలా ఒక నోటు పుస్తకం ఇచ్చి, మనసులో ఉన్నది రాసుకోమంది. ఎవరికీ చూపించనక్కర్లేదట. నాకు ఒత్తిడి ఏమీ లేదు. అయినా అప్పగించిన పని చెయ్యకుండా ఉండడం నా వల్ల కాదు కాబట్టి మొదలుపెడుతున్నాను.

రాసే చోటు హీట్ ట్రీట్‌మెంట్ షాపులో, అంటే ఇనుప భాగాల్ని కాల్చి గట్టిపరిచే విభాగంలో, నా క్యాబిన్. గాజు తలుపుకు అవతల ఫర్నేసులు, ఇవతల నేను, నా పెరుగన్నం డబ్బా. ఇంట్లో రాస్తే భార్య చదువుతుందని భయం కాదు. బాగలూరు రోడ్డులో మేముండే ఇంట్లో టేబులు ఒక్కటే ఉంది, అది జ్యోతిది.

నాగజ్యోతి ఫిజిక్సులో పీహెచ్‌డీ చేస్తోంది. పెళ్ళయిన ఏడాదే చేరింది. నేనే చేర్పించాను. సరిగ్గా చెప్పాలంటే, వద్దనలేదు. మాది పుంగనూరు, ఉద్యోగానికి హోసూరు వచ్చి ఇక్కడి పిల్లనే చేసుకున్నాను. మా వైపు చుట్టాల్లో పెళ్ళాన్ని రోజూ బెంగళూరు బస్సెక్కించి చదివించిన మగవాడు ఇంకొకడు ఉంటే చూపించమనండి. ఈ మాట నేను ఎప్పుడూ బయట అనను. అడిగితేనే అంటాను.

థీసిస్ ఈ నెల ఇరవై లోపల ఇచ్చెయ్యాలి. అది నెగ్గితే కలకత్తాలో ఒక సంస్థవాళ్ళు రెండేళ్ళకు పిలుస్తారని ఆమె గైడు సుబ్రమణి సారు చెప్పారట. మంచిదే. చాలా సంతోషం.

జూన్ 11, బుధవారం

మా అత్త మారక్కకు కృష్ణగిరిలో కంటి ఆపరేషన్. జ్యోతి తోడు వెళ్ళింది. ఆపరేషన్ అయ్యాక గురుబరపల్లిలో పుట్టింట్లోనే కొన్నాళ్ళు ఉండి చుక్కల మందు వెయ్యాలి.

థీసిస్ ప్రింటు పని నా మీద పడింది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపువాడు గ్రాఫుల్లో అక్షరాలు మరీ చిన్నవి, ప్రింటులో చీమల్లా పడతాయి, యూనివర్సిటీవాళ్ళు తిప్పి పంపుతారు అన్నాడు. జ్యోతికి ఫోన్ చేశాను. లెక్కల ఫైళ్ళు ఫలానా చోట ఉన్నాయి, కొత్తగా గీసి అక్షరాలు పెద్దవి చెయ్యి, వేరే ఏదీ ముట్టుకోవద్దు అంది. ఆసుపత్రిలో ఎవరో పిలుస్తున్నారు, పెట్టేసింది.

జూన్ 13, శుక్రవారం

గ్రాఫులు చూసి నాకే సిగ్గేసింది. గీత ఎడమ నుంచి కుడికి బుద్ధిగా ఎక్కుతూ, మధ్యలో ఉన్నట్టుండి బుడిపెలా లేచి, దిగి, మళ్ళీ దారిన పడుతుంది. ఒక్కదాంట్లో అయితే సరే అనుకోవచ్చు. నాలుగో అధ్యాయంలో నాలుగు గ్రాఫులుంటే నాలుగింట్లోనూ అదే.

ఇలాంటి చార్టు మా ఫ్యాక్టరీకి తనిఖీకి వచ్చే ఆడిటర్ ముందు పెడితే ఏమవుతుందో పాపం ఆమెకు తెలియదు. ఫర్నేసులో వేడిని కొలిచే తీగ కాస్త వదులైతే చార్టు మీద అచ్చం ఇలాంటి బుడిపే వస్తుంది. ఆడిటర్ దాని మీద వేలు పెట్టి ఇదేమిటి అంటాడు. ఇక ఆ రోజుకు ఆయనకు పెట్టిన టిఫిన్లు, భోజనాలు, పూలదండలు అన్నీ వృథా. నేను చేరిన కొత్తలోనే మా క్వాలిటీ మేనేజరు శ్రీనివాసప్ప ఒక మాట నేర్పాడు. “ఆడిటర్ కంటే ముందర మనమే చూడల్ల. చూసినాక ఇంకెవరికీ కనపడకుండా చెయ్యల్ల.” ఆయన దీన్ని అబద్ధం అనడు. సాపు చెయ్యడం అంటాడు. ఆడిట్‌కు ముందు వారమంతా మా ఆఫీసులో జరిగేది ఆ పనే, దానికి బిస్కెట్లు కూడా ఇస్తారు.

ఎగ్జామినర్ అంటే చదువుకున్న ఆడిటరే కదా. అందుకని అక్షరాలు పెద్దవి చేస్తూ, ఎలాగూ చేతిలో పనే అని, గీతలు కూడా కొంచెం సాపు చేశాను. పక్కపక్క చుక్కల సగటు తీశాను, అంతే. అందరూ చేసేదే. నాలుగు గీతలూ ఇప్పుడు కొత్తగా వేసిన హైవేలా ఉన్నాయి. షాపువాడు కూడా మెచ్చుకున్నాడు.

ఆమెకు చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

జూన్ 18, బుధవారం

ఇచ్చేశాం. జ్యోతి గురుబరపల్లి నుంచి నేరుగా యూనివర్సిటీకి వచ్చింది. బైండు చేసిన కాపీలు, ప్లాస్టిక్ కవరు వేసి అంటించినవి, నేను మోసుకెళ్ళాను. సంతకాల కోసం కవరు తీసిన ఒకదాని మొదటి పేజీ మాత్రం హడావుడిగా తిప్పి నాకు చూపించింది. అమ్మకు, నాయనకు, గోపీచంద్‌కు అని అచ్చయి ఉంది. మూడో పేరు నాది. కళ్ళు చెమర్చాయని రాయడానికి నాకేమీ నామోషీ లేదు.

జూన్ 29, ఆదివారం, గురుబరపల్లి

అత్తను చూడ్డానికి వచ్చాం. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో రాజకీయ నాయకురాలిలా కూర్చుని ఉంది. మామ రామకృష్ణప్పకు గొర్రెలున్నాయి. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి కూడా పోతాడు, ఇవాళ సెలవు. మధ్యాహ్నం రాగిముద్ద తింటూ కూతుర్ని అడిగాడు, ఇన్నేళ్ళు ఏమి రాశావో ఒకసారి మాకూ అర్థమయ్యేట్టు చెప్పమని.

జ్యోతి చెప్పింది. రెండు పక్కలా ముళ్ళకంప కట్టిన సందులో గొర్రెల్ని తోలితే ఒకదాన్ని దాటి ఇంకొకటి పోలేదు కదా, ఆమె కణాలు కూడా అంతటి సన్న సందులో ఉంటాయట. ముందరిది జరిగితేనే వెనకది జరగాలి. మామూలుగా లోకంలో కణాలు రెండు రకాలు. ఒక రకం ఒకే సీట్లో ఎన్నయినా సర్దుకుంటాయి. రెండో రకం సీటుకు ఒక్కటే, ఇంకొకటి వస్తే కూర్చోనివ్వదు. అయితే సందు ఇరుకై ఒకదాన్నొకటి గట్టిగా తోసుకునేటప్పుడు మొదటి రకంవాటి తీరు మారిపోయి, అటూ ఇటూ కాకుండా మధ్యలో తేలతాయి. ఒక్కొక్కటి సీటులో సగమో, ముప్పాతికో పట్టుకుంటుంది. కృష్ణగిరి టౌన్ బస్సులో సీటు చివర ఒక తొడ ఆనించి, జరుగప్పా జరుగప్పా అంటూ వచ్చేవాళ్ళ లాగా.

కనపడని గొర్రెలకు కాపలా నువ్వు, అని మామ నవ్వాడు. మరి అవి ఏమి చేస్తాయని అడిగాడు.

ఆ గుంపును వేడి చేస్తూ పోతే, ఒకచోట అది మామూలు కంటే ఎక్కువ వేడి తాగుతుందట. గ్రాఫులో అక్కడ గీత బుడిపెలా లేస్తుంది. ఆ బుడిపె ఎక్కడ లేచిందో, ఎంత లేచిందో చూస్తే ఒక్కొక్క కణం సీటులో ఎంత భాగం పట్టిందో చెప్పెయ్యచ్చు. ఈ మధ్యరకం వాటికి దాన్ని లెక్కగట్టి చూపించింది జ్యోతే.

“అయితే ఐదేండ్లూ ఆ బుడిపె కోసరమేనా?” అన్నాడు మామ.

“అదొకటే నాయనా. అది లేకుంటే నా థీసిస్సే లేదు.”

ముద్ద నా గొంతులో నిలబడిపోయింది. అత్త నల్లద్దాల్లోంచే కనిపెట్టి నీళ్ళ చెంబు జరిపింది.

ఐదేళ్ళుగా జ్యోతి పని గురించి ఎవరడిగినా నేనే వివరిస్తున్నాను. క్వాంటం వాయువులు, అంటాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. నేనూ అడగలేదన్న సంగతి ఇవాళే తట్టింది.

జూన్ 30

చెబుదామనుకున్నాను. బస్సులో జనం.

జూలై 2

ఆమెకు తలనొప్పి. తలనొప్పి ఉన్న మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

జూలై 5

తలనొప్పి తగ్గింది. సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్న మనిషికి కూడా చెప్పకూడదు.

జూలై 6, ఆదివారం

ఇంటికి తెచ్చుకున్న కాపీని కవరు విప్పకుండా బీరువా పైన పెట్టాను, దుమ్ము పడుతుందని. జ్యోతి తన లాప్‌టాప్‌లో ఉన్నదే చదువుకుంటోంది. నేను మార్చింది వేరే ఫైలు కాబట్టి అందులో బుడిపెలు నాలుగూ క్షేమం. ఆలోచిస్తే నిజానికి ఏమీ పోలేదు. కాగితం మీద మాత్రం కనపడవు. కాగితం ఎవరు చూస్తారు? సుబ్రమణి సారుకు కూడా ఒక కాపీ ఇచ్చాం. ఆయన వెనక పేజీల్లో తన పేపర్ల పేర్లు ఉన్నాయో లేదో చూసుకుని, అద్భుతం అన్నారట.

జూలై 21, సోమవారం

టీ తాగుతూ శ్రీనివాసప్పను డొంకతిరుగుడుగా అడిగాను. నాకు తెలిసినతను ఒకడు, వేరే కంపెనీ, పొరపాటున సాపు చెయ్యకూడనిదాన్ని సాపు చేశాడు, ఇప్పుడేమి చెయ్యాలి అని. ఆయన గ్లాసు దించి చాలాసేపు ఆలోచించాడు.

“కనపడకుంటే అది తప్పే కాదప్పా. కనపడిందనుకో, అప్పుడు ప్రింటింగ్ మిస్టేక్.”

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. మనసు కొంత కుదుటపడింది.

ఆగస్టు 14, గురువారం

మొదటి ఎగ్జామినర్ రిపోర్టు వచ్చింది. థీసిస్ ఉన్నత ప్రమాణాలతో ఉందట. చిత్రాల స్పష్టత ప్రత్యేకంగా ప్రశంసించదగ్గదట. ఆ వాక్యం జ్యోతి నాకు రెండుసార్లు చదివి వినిపించింది. అక్షరాలు పెద్దవి చేసింది నువ్వే కదా, ఈ మెప్పు నీదే అని పాయసం చేసింది.

తేలు కుట్టిన దొంగలా కూర్చుని తాగాను. పాయసం బాగుంది.

సెప్టెంబరు 3, బుధవారం

రెండో రిపోర్టు. ఈయన పూర్తిగా చదివినట్టున్నాడు. అంతా బాగుంది గానీ, నాలుగో అధ్యాయంలో పదేపదే చెప్పిన శిఖరం చిత్రాల్లో తనకు ఎక్కడా కనపడలేదు, దాన్ని అభ్యర్థి వైవాలో వివరించాలి అని రాశాడు.

జ్యోతి లాప్‌టాప్ తెరిచి, తన బుడిపెల్ని చూసుకుని, మూసేసింది. ఆమెకు వచ్చింది అనుమానం కాదు, కోపం.

“కండ్లద్దాలు మార్చుకోవల్ల ఆయప్ప. ఇంత లావు ఉండేది కనపడలేదంట.”

అప్పుడు చెప్పాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదేనని నాకు తెలియక కాదు. కానీ ఆమె అంత నమ్మకంగా ఉన్నప్పుడు మధ్యలో దూరి మాట్లాడడం సంస్కారం అనిపించుకోదు.

సెప్టెంబరు 14, ఆదివారం

వైవాకు రిహార్సలు. ఎగ్జామినర్ వేషం నాది. కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని, శిఖరం నాకు కనపడలేదమ్మా అనాలి. ఆమె నిలబడి, ఎంతో మర్యాదగా, సార్ దయచేసి మీ ముందున్న కాపీలో నాలుగో అధ్యాయం తెరవండి, ఆ గీత మీద వేలు పెట్టండి అంటుంది. అక్కడ నేను వేలు పెట్టినట్టు చేసి, తెల్లబోయి, క్షమించమ్మా అనాలి. ఇది ఆమె రాసుకున్న సీను.

పొద్దున నుంచి చాలాసార్లు తెల్లబోయాను. బాగా చేస్తున్నావు అని మెచ్చుకుంది. హాలులో పదిమంది ముందు ఆయన నిజంగా వేలు పెడతాడు. గీత హైవేలా ఉంటుంది. అప్పుడు తెల్లబోయేది ఆయన కాదు. ఆ ముఖం ఎలా ఉంటుందో కళ్ళ ముందు కనపడుతోంది.

సెప్టెంబరు 22, సోమవారం

కలకత్తా నుంచి మెయిల్. అక్టోబరు లోపల వైవా అయిపోతే నవంబరులో చేరచ్చు. చాలా సంతోషం. ఆ ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువట, జలుబు తత్వం ఉన్నవాళ్ళకు పడదట. జ్యోతిది జలుబు తత్వం. ఊరికే తెలుసుకున్నాను. ఆమెకు చెప్పలేదు, భయపడుతుందని.

చేపల వాసన సంగతి కూడా చెప్పలేదు.

అక్టోబరు 6

వైవా పదహారున. రేపు చెబుతాను.

అక్టోబరు 7

రేపు తప్పకుండా.

అక్టోబరు 11

ఇవాళ చెప్పేవాణ్ణే. ఆమే ముందు మాట్లాడింది. కలకత్తా పోయేదానికి నీకి నిజంగా ఇబ్బంది ఏమీ లేదు కదప్పా, అని అడిగింది. ఏముంటుంది, చాలా సంతోషం అన్నాను. ఆ మాట అన్నాక ఇంకేదైనా చెప్పడానికి నోరు రాలేదు.

అక్టోబరు 16, గురువారం, యూనివర్సిటీ

హాలు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల వైవా నడుస్తోంది. తలుపు మూసి ఉంది. అందరూ వెళ్ళి కూర్చోవచ్చు. నన్ను మాత్రం జ్యోతి రావద్దంది.

నిన్న చెప్పాను. నా అంతట నేనే చెప్పాను, ఎవరూ బలవంతం చెయ్యలేదు. సాయంత్రం మొదటి షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళేసరికి జ్యోతి స్టూలెక్కి బీరువా మీది కాపీ దించుతోంది. లాప్‌టాప్ చూపిస్తే ఆయప్ప నమ్మడు, అచ్చు కాపీనే చేతిలో పెడతాను అంది. కత్తెర తీసుకుంది. కవరుకు కత్తెర తగిలే లోపల చెప్పాను.

ముందు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత కవరు చింపి నాలుగో అధ్యాయం తెరిచింది. నాలుగు గ్రాఫులూ చూసింది. పేజీ మీద చెయ్యి పెట్టి, అక్కడ ఏదైనా తగులుతుందేమో అన్నట్టు నిమిరింది.

సగటు తీశానని చెప్పాను. ఆడిట్‌కు ముందు మేము మామూలుగా చేసేదేనని, నీ మంచికేనని, లెక్క మారలేదని చెప్పాను. ఆమె లాప్‌టాప్ తెరిచి, తన చుక్కలకు తనే సగటు తీసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. తర్వాత తెర నా వైపు తిప్పింది. బుడిపె కాస్త వంగింది, కాస్త వెడల్పయింది. అక్కడే ఉంది.

“సగటుకి ఇది తగ్గుతాది గానీ పోదప్పా. నిజంగా ఉండేది అట్ల పోదు. ఏమి చేసినావు?”

తీసేశానని చెప్పాను.

“ఏవి?”

బుడిపె మీద ఉన్న చుక్కలన్నీ. తీసేసి, ఆ సందులో అటువైపు గీతకూ ఇటువైపు గీతకూ కలిసేట్టు కొత్త చుక్కలు పెట్టాను. నాలుగింట్లోనూ అంతే చేశాను. చేతికి అలవాటైన పని, త్వరగానే అయిపోయింది.

అప్పుడు అడిగింది. గొంతు పెంచలేదు. “మీ ఫ్యాక్టరీలో బాగలేనిదాన్నే కదా తీసేసేది. నాదాంట్లో నీకి బాగలేనిది ఏమి కనపడింది?”

ఆడిటర్, అన్నాను. ఆమె చీర ఇస్త్రీ చేసుకోవాలని లేచింది. ఉదయం బస్సులో నా పక్కనే కూర్చుంది, కిటికీ వైపు తిరిగి.

ఇక్కడ తోచక జూన్‌లో రాసిన పేజీలు తిప్పాను. సగటు తీశాను, అంతే, అని ఉంది. ఇది ఎవరూ చదవరు. ఆడిటర్ లేడు, ఎగ్జామినర్ లేడు, జ్యోతి లేదు. అయినా సగటు అనే రాసుకున్నాను.

కలకత్తాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఎవరూ అడగలేదు. నేనెందుకు రాస్తున్నానో తెలియదు.

అదే రోజు, మధ్యాహ్నం

అయిపోయింది. నెగ్గింది. లోపల జరిగింది సుబ్రమణి సారు చెప్పారు. జ్యోతి మొదలుపెట్టడమే ఆ మాటతో మొదలుపెట్టిందట. అచ్చయిన నాలుగు గ్రాఫులూ తప్పు, అసలువి ఇవి అని తెర మీద చూపించి, ఇంకొకరి చేతికిచ్చి తిరిగి చూసుకోలేదు, ఆ తప్పు నాదే అందట. ఇంకొకరు ఎవరని అడిగితే, ఇంటివాళ్ళు అని ఊరుకుందట. తర్వాత బోర్డు మీద మొదటి నుంచి లెక్క కట్టి, బుడిపె ఎందుకు లేవాలో చూపించిందట.

రెండో ఎగ్జామినర్ ఊపిరి పీల్చుకుని, నా కళ్ళే పోయాయనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చానమ్మా అన్నారట. చిత్రాల స్పష్టతను మెచ్చుకున్న మొదటి ఆయన కొత్త గ్రాఫులు కూడా చూసి, వీటి స్పష్టత కూడా చాలా బాగుంది అన్నారట. బొమ్మలు సరిచేసి కాపీలు మళ్ళీ ఇవ్వాలి, అంతే షరతు.

జ్యోతి బయటికి వచ్చింది. అందరూ అభినందిస్తున్నారు. నేను తెచ్చిన స్వీట్ల పెట్టె అందరికీ పంచింది, ఒకటి నా చేతిలో కూడా పెట్టింది. బయటివాళ్ళకు పెట్టినట్టే పెట్టింది.

అక్టోబరు 19, ఆదివారం

ఇది ఇంట్లో, ఆమె టేబులు మీదే రాస్తున్నాను. ఆమె వంటింట్లో ఉంది. చదివినా ఇప్పుడు కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

ఉదయం టిఫినయ్యాక లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను సాపు చేసిన ఫైలు తెరిచి ఉంది. నువ్వే తీసినావు, నువ్వే పెట్టు అంది. అసలు ఫైలు నీ దగ్గర ఉంది కదా, అది ఎక్కిస్తే ఒక్క నొక్కుతో అయిపోతుంది అన్నాను. అది నాకీ తెలుసు, ఒక్కొక్కటీ పెట్టు అంది. పక్కన కుర్చీ వేసుకుని, అలసంద కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

నేను కల్పించి పెట్టిన చుక్కను తీసెయ్యడం, అసలు ఫైల్లోంచి అంకె చూసుకోవడం, ఎక్కించడం. జూన్‌లో ఇదే పని ఈల వేసుకుంటూ చేశాను. ఇవాళ ఒక్కో అంకెను రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్కో చుక్కకూ గీత కాస్త కాస్త లేస్తోంది. ఎక్కే వైపంతా అయ్యేసరికి అది ఎంత పెద్దదో తెలిసింది. జూన్‌లో నేను దాన్ని చూడలేదు. చూడకూడదనే చూడలేదు. ఇది ఉంటే ఆమె వెళ్ళిపోతుందని ఆ రోజే తెలుసు. థీసిస్ మొత్తం అదేనని తెలియకపోవచ్చు. కానీ ఆ బుడిపెను చూసి ఎవరో మెచ్చుకుంటారనీ, కలకత్తావాళ్ళు పిలుస్తారనీ, ఈ టేబులు ఖాళీ అవుతుందనీ చేతికి తెలుసు. చేతికి అని రాసి మళ్ళీ తప్పించుకుంటున్నాను. నాకు తెలుసు.

శిఖరం మీది చుక్క పెట్టాక ఆగిపోయాను. ఏడుపొచ్చింది. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

“జ్యోతీ, నువ్వు కలకత్తా పోయేది నాకిష్టం లేదు” అన్నాను.

ఎన్నాళ్ళుగా గొంతులో ఉందో ఆ మాట. బయటికి వచ్చాక చూస్తే చాలా చిన్నది.

“ఈ మాట ముందరే చెప్పుంటే అయిపోయేది కదప్పా” అంది.

“చెప్పుంటే పోకుండా ఉండేదానివా?”

ఒలిచిన గింజల్ని గిన్నెలో పోసింది. తొక్కలన్నీ ఒకచోటికి చేర్చింది. నా ప్రశ్నను నిజంగా ఆలోచించే అంత సేపు తీసుకుంది, ఆ మర్యాద నాకు ఇంకా ఇస్తోంది.

“పోయేదాన్నే. తిరిగి రావల్ల అనుకుని పోయేదాన్ని.”

తర్వాత తెర వైపు చూసి, దిగే పక్క చుక్కలు ఇంకా మిగిలినాయి, అది కానిచ్చి రెండో గ్రాఫు తెరువు అంది.